రియల్‌టైమ్ లైనక్స్‌లో నెట్‌వర్క్ కార్డు: తప్పు డ్రైవరుదేనా?

నెట్‌వర్క్ కార్డు బాగానే పనిచేస్తోంది. ఇంటర్నెట్ వస్తోంది, ఫైళ్లు పూర్తి వేగంతో దిగుతున్నాయి, పింగ్‌కు జవాబు వస్తోంది. అదే కార్డుకు ఒక మిల్లింగ్ యంత్రపు నియంత్రణ బోర్డును కలిపి, రియల్‌టైమ్ కెర్నెల్‌తో (లైనక్స్‌కు గుండెకాయ లాంటి భాగమే కెర్నెల్) లైనక్స్ నడిపితే మాత్రం యంత్రం ఉన్నట్టుండి ఆగిపోతుంది. బోర్డు నుంచి డేటా చదవడం పూర్తికాలేదంటూ తెర మీద ఒక ఎర్రర్ కనిపిస్తుంది. ఒక్కోసారి పది నిమిషాలకే వస్తుంది, ఒక్కోసారి పూటంతా రాదు. సలహా అడిగితే మొదట వినిపించే మాట: కార్డును నడిపే ప్రోగ్రామును, అంటే డ్రైవరును మార్చండి.

ఆ సలహా కొన్నిసార్లు పనిచేస్తుంది. ఎందుకు పనిచేసిందో మాత్రం చాలాసార్లు తెలియకుండానే ఉండిపోతుంది. అందుకే తర్వాతి కెర్నెల్ అప్‌డేట్‌తో అదే చిక్కు మళ్లీ తలెత్తుతుంది.

ఈ చిక్కు ఇప్పుడు మరింత మంది ముందుకు వచ్చే వీలుంది. మామూలు లైనక్స్‌ను రియల్‌టైమ్ వ్యవస్థగా మార్చే ‘ప్రీఎంప్ట్ ఆర్‌టీ’ ప్యాచ్‌లు దాదాపు ఇరవై ఏళ్లు అసలు కెర్నెల్ బయటే పెరిగాయి. 2024 సెప్టెంబరులో వియన్నాలో ఈ ప్యాచ్‌ల పనికి నాయకత్వం వహించిన థామస్ గ్లైక్స్‌నర్ చివరి విలీన అభ్యర్థనను కాగితం మీద ముద్రించి, బంగారు రంగు కాగితంలో చుట్టి లైనక్స్ సృష్టికర్త లైనస్ టోర్వాల్డ్స్ చేతికి అందించారు. అదే ఏడాది నవంబరు 17న విడుదలైన 6.12 కెర్నెల్‌తో రియల్‌టైమ్ మద్దతు అసలు కెర్నెల్‌లో భాగమైంది. ఎక్స్86, 64 బిట్ల ఆర్మ్, రిస్క్-ఫైవ్ ప్రాసెసర్లకు ఇప్పుడు విడి ప్యాచ్ అక్కర్లేదు. కెర్నెల్‌ను తయారుచేసేటప్పుడు ఒక ఎంపిక పెడితే చాలు. 2025 ఆగస్టులో వచ్చిన డెబియన్ 13 ఈ 6.12 మీదే నడుస్తోంది. అంటే ఆఫీసులో వాడి పక్కన పెట్టిన కంప్యూటరు కూడా, దాని మదర్‌బోర్డు మీద ఏ కార్డు ఉంటే ఆ కార్డుతోనే, రియల్‌టైమ్ వ్యవస్థ అయిపోవచ్చు.

వేగం కాదు, గడువు

రియల్‌టైమ్ అంటే చాలా వేగంగా పనిచేసేదని సాధారణంగా అనుకుంటారు. నిజానికి మొత్తం మీద చేసే పని పరిమాణంలో రియల్‌టైమ్ కెర్నెల్ మామూలు కెర్నెల్ కంటే కొంచెం వెనకే ఉంటుంది. అది ఇచ్చే హామీ వేరు: ఎంత రద్దీ ఉన్నా, ముఖ్యమైన పని గడువు దాటకుండా మొదలవుతుంది. పురోహితుడు ముహూర్తం దాటాక పెళ్లి మండపానికి చేరుకుంటే, దారిలో కారు ఎంత వేగంగా నడిపాడన్నది ఎవరికీ పట్టదు. ఇక్కడా అంతే. సగటు జాప్యానికి విలువ లేదు, గరిష్ఠ జాప్యమే లెక్క. పది లక్షల ప్యాకెట్లు సకాలంలో వచ్చి వరసగా నాలుగైదు ఆలస్యమైనా యంత్రం ఆగుతుంది.

ఒక నిజమైన ఉదాహరణ తీసుకుందాం. లైనక్స్‌సీఎన్‌సీ అనే ఓపెన్ సోర్స్ ప్రోగ్రాము లేత్‌లు, మిల్లింగ్ యంత్రాలు, ప్లాస్మా కటింగ్ బల్లలు నడుపుతుంది. అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్‌లో మొదలైన ఒక నియంత్రణ ప్రాజెక్టు దీనికి మూలం. మెసా అనే కంపెనీ తయారుచేసే బోర్డులను దీనితో ఈథర్నెట్ తీగ ద్వారా కలుపుతారు. ప్రోగ్రాములో మోటార్ల కదలికను చూసుకునే సర్వో థ్రెడ్ (థ్రెడ్ అంటే విడిగా నడిచే పని వరస) సాధారణంగా మిల్లీసెకండుకు ఒకసారి, అంటే 1000 మైక్రోసెకండ్లకు ఒకసారి మేల్కొంటుంది. బోర్డును ‘ఇప్పుడు అక్షాలు ఎక్కడున్నాయి’ అని అడుగుతుంది, జవాబు అందుకుంటుంది, లెక్క కట్టి కొత్త ఆదేశం పంపుతుంది. జవాబు కోసం ఆగే సమయం, మనం ఏమీ మార్చకపోతే, ఆ వ్యవధిలో 80 శాతం. అంటే 800 మైక్రోసెకండ్లు.

ఇందులో తీగ మీద పోయే సమయం ఎంత? సెకనుకు 100 మెగాబిట్ల తీగ మీద ఒక్కో బైటుకు 80 నానోసెకండ్లు పడుతుంది. ప్రశ్న 250 బైట్లు, జవాబు 250 బైట్లు అనుకుంటే, ఒక్కోదానికి 20 చొప్పున రెండింటికీ కలిపి 40 మైక్రోసెకండ్లు. 800లో ఇంకా 760 మిగిలే ఉన్నాయి. కాబట్టి గడువు తప్పిందంటే తీగ నెమ్మది వల్ల కాదు. గిగాబిట్ కార్డు కొన్నంత మాత్రాన ఈ చిక్కు తీరదు. ఆ 760 మైక్రోసెకండ్లను కంప్యూటరు లోపల ఎవరో తినేస్తున్నారు.

ఒక జవాబు తప్పగానే యంత్రం ఆగిపోదు కూడా. మెసా డ్రైవరులో ఒక తప్పుల లెక్క ఉంటుంది. జవాబు గడువులోపు రాకపోతే ఆ లెక్కకు 2 కలుస్తుంది, వచ్చిన ప్రతిసారీ 1 తగ్గుతుంది, 10కి చేరితే యంత్రం నిలిచిపోతుంది. వరసగా ఐదు తప్పితే ఆగినట్టే. మూడింట ఒకటి తప్పుతుంటే మాత్రం లెక్క పెరగదు, మళ్లీ సున్నాకే వస్తుంది. ఈ చిన్న లెక్కలో ఒక ప్రమాదం దాగి ఉంది: ఎర్రర్ కనిపించని రోజున కూడా ప్యాకెట్లు ఆలస్యమవుతూ ఉండవచ్చు. ‘పూటంతా బాగానే నడిచింది’ అన్నది ఆరోగ్యానికి రుజువు కాదు.

ప్యాకెట్ వచ్చాక కెర్నెల్‌లో జరిగేది

ప్యాకెట్ రాగానే కార్డు దాన్ని నేరుగా మెమరీలో రాసి, ప్రాసెసరుకు ఇంటరప్ట్ పంపుతుంది. ఇంటరప్ట్ అంటే ‘చేస్తున్న పని ఆపి ఇటు చూడు’ అన్న సంకేతం. మామూలు కెర్నెల్‌లో ప్రాసెసరు అక్కడికక్కడే డ్రైవరు రాసిన చిన్న కోడును నడిపి, మిగతా పెద్ద పనిని ‘సాఫ్ట్‌ఐఆర్‌క్యూ’ అనే దశకు వాయిదా వేస్తుంది. ఆ దశలో ‘నాపీ’ అనే పద్ధతి ప్రకారం ప్యాకెట్లను విడతకు 64కు మించకుండా కార్డు నుంచి తీసి పైకి పంపుతారు. ఈ పని జరుగుతున్నంతసేపు ఆ కోరు (ప్రాసెసరులో విడిగా పనిచేయగల ఒక భాగం) మీద మన ముఖ్యమైన ప్రోగ్రాము ఎదురుచూస్తూ ఉండాల్సిందే. అసలు సమస్య ఇదే.

రియల్‌టైమ్ కెర్నెల్ ఈ ఏర్పాటును తలకిందులు చేస్తుంది. ఇంటరప్ట్ వచ్చినప్పుడు వెంటనే జరిగేది ఒక్కటే: దానికోసం కేటాయించిన థ్రెడ్‌ను మేల్కొలపడం. డ్రైవరు కోడంతా ఆ థ్రెడ్‌లో నడుస్తుంది. థ్రెడ్ కనుక దానికీ ఒక ప్రాధాన్య సంఖ్య ఉంటుంది, అంతకంటే ముఖ్యమైన పని వస్తే అది పక్కకు తప్పుకుంటుంది. ఒకే డేటాను ఇద్దరు ఒకేసారి మార్చకుండా కాపాడే స్పిన్‌లాకులు కూడా మారిపోతాయి. మామూలు కెర్నెల్‌లో లాకు దొరకని కోడు గిరగిరా తిరుగుతూ ప్రాసెసరును పట్టుకునే ఉంటుంది. ఇక్కడ అది నిద్రపోతుంది. లాకు పట్టుకున్నవాడి ప్రాధాన్యం తక్కువైతే, ఎదురుచూస్తున్నవాడి ప్రాధాన్యాన్ని కెర్నెల్ తాత్కాలికంగా వాడికి ఇచ్చి పని త్వరగా ముగింపిస్తుంది.

ఇది తెలిస్తే ఒక విషయం అర్థమవుతుంది. రియల్‌టైమ్ కెర్నెల్ యంత్ర నియంత్రణ ప్రోగ్రాముకు మేలు చేయడం కోసం నెట్‌వర్క్ డ్రైవరు స్థాయిని తగ్గించింది. మన ప్రోగ్రాము ఆ నెట్‌వర్క్ మీదే ఆధారపడి ఉంటే? అప్పుడు స్థాయి తగ్గినవాడి కోసం పెద్దవాడు ఎదురుచూస్తూ కూర్చుంటాడు. నెట్‌వర్క్ ద్వారా నడిచే రియల్‌టైమ్ పనులన్నింటికీ ఈ ముడి ఉంది. డ్రైవరు ఎంత బాగా రాసినా ఇది పోదు.

అందరూ 50 దగ్గరే

ఈ ఇంటరప్ట్ థ్రెడ్లన్నింటికీ కెర్నెల్ ఒకటే ప్రాధాన్యం ఇస్తుంది: ‘ముందొచ్చినవాడిది ముందు’ అనే ఫిఫో తరగతిలో 50 (సంఖ్య పెద్దదైతే ప్రాధాన్యం ఎక్కువ). నెట్‌వర్క్ కార్డుకూ అదే, డిస్కుకూ అదే, యూఎస్‌బీకీ అదే, గ్రాఫిక్స్‌కూ అదే. ఫిఫో తరగతిలో సమానులు ఒకరినొకరు పక్కకు నెట్టలేరు. ముందు మొదలైనవాడు ముగించాకే తర్వాతివాడు.

యంత్రం నడిపే ప్రోగ్రాముకు 80 ఇచ్చాం, నెట్‌వర్క్ థ్రెడ్ 50 దగ్గర ఉంది అనుకుందాం. ప్రోగ్రాము ప్రశ్న పంపి జవాబు కోసం ఆగింది. జవాబు కార్డుకు 100 మైక్రోసెకండ్లలోనే వచ్చేసింది. అదే కోరు మీద డిస్కు థ్రెడ్ అప్పటికే ఒక పెద్ద పనిలో ఉండి 900 మైక్రోసెకండ్లు తీసుకుంటే, నెట్‌వర్క్ థ్రెడ్‌కు వంతు వచ్చేసరికి మొత్తం 1000 దాటుతుంది, 800 గడువు తప్పినట్టే. ప్రోగ్రాము ప్రాధాన్యాన్ని 80 నుంచి 98కి పెంచినా ఇందులో మైక్రోసెకండు కూడా మారదు, ఎందుకంటే ఆలస్యమైంది ప్రోగ్రాము కాదు.

అయితే నెట్‌వర్క్ థ్రెడ్ ప్రాధాన్యాన్ని పెంచాలా? ఇక్కడ అనుభవజ్ఞుల్లోనే రెండు వాదాలున్నాయి. పెంచాలనేవారి వాదన సూటిగా ఉంటుంది: ప్రోగ్రాము బతుకు ప్యాకెట్ మీద ఆధారపడినప్పుడు ప్యాకెట్ తెచ్చేవాడు వెనక వరసలో ఉండకూడదు. వద్దనేవారు చూపే ప్రమాదం కూడా నిజమైనదే. ఆ తీగను ఇంటి రూటరుకో ఆఫీసు స్విచ్‌కో కలిపి ఉంచితే, అక్కడ బ్రాడ్‌కాస్ట్ ప్యాకెట్ల వరద వచ్చినప్పుడు పై ప్రాధాన్యంలోని డ్రైవరు కోరునంతా ఆక్రమించి, యంత్రం నడిపే ప్రోగ్రామునే ఆకలికి మాడుస్తుంది. నా దృష్టిలో ఈ తగవును తీర్చేది సంఖ్య కాదు, తీగ. కార్డుకూ బోర్డుకూ మధ్య మరో పరికరం లేని ప్రత్యేక తీగ ఉంటే మొదటి వాదం నిలుస్తుంది. ఉమ్మడి నెట్‌వర్క్ అయితే రెండోదే సురక్షితం.

ప్రత్యేక కార్డు పెట్టినా ఒక మెలిక మిగులుతుంది. 6.12 తరం రియల్‌టైమ్ కెర్నెల్‌లో సాఫ్ట్‌ఐఆర్‌క్యూ పనులకు ప్రతి కోరు మీదా ఒకే లాకు ఉంటుంది. యంత్రం కార్డు, ఇంటర్నెట్ కార్డు రెండింటి ఇంటరప్ట్‌లు ఒకే కోరుకు వెళుతుంటే, ఇంటర్నెట్ నుంచి పెద్ద ఫైలు దిగుతున్నప్పుడు యంత్రం ప్యాకెట్ ఆ లాకు దగ్గర ఆగుతుంది. ‘బ్రౌజరు తెరిస్తే యంత్రం ఆగుతోంది’ అన్న ఫిర్యాదుకు ఇదొక కారణం. రెండు కార్డులనూ వేర్వేరు కోర్లకు పంపితే ఈ పోటీ ఉండదు. ఐఆర్‌క్యూ బ్యాలెన్స్ అనే సేవ నడుస్తుంటే మాత్రం ఆ ఏర్పాటు నిలవకపోవచ్చు. ఇంటరప్ట్‌లను కోర్ల మధ్య అటూ ఇటూ మార్చడమే దాని పని.

5.12 కెర్నెల్ నుంచి నాపీ పనిని విడి థ్రెడ్‌లో నడిపే వీలు కూడా ఉంది. ఇది ఆకర్షణీయంగా కనిపిస్తుంది. కానీ ఆ థ్రెడ్ మామూలు తరగతిలో పుడుతుంది. దానికి విడిగా ప్రాధాన్యం ఇవ్వకపోతే 50 నుంచి ఇంకా కిందికి దిగినట్టే.

నిద్రపోయే హార్డ్‌వేర్

ఇప్పటిదాకా చెప్పుకున్నది ఇంటరప్ట్ వచ్చాక జరిగే ఆలస్యం. కొన్నిసార్లు ఇంటరప్టే ఆలస్యంగా వస్తుంది.

మొదటి కారణం ఇంటరప్ట్ పొదుపు. ప్యాకెట్‌కొక ఇంటరప్ట్ పంపితే ప్రాసెసరు అలసిపోతుందని, కొన్నింటిని పోగుచేసి ఒకేసారి చెప్పేలా కార్డులను తయారుచేశారు. ఇంటెల్ ఈ1000ఈ డ్రైవరును చూడండి. దాని సహజ అమరిక రద్దీని బట్టి సెకనుకు ఇంటరప్ట్‌లను 4000 నుంచి 20,000 మధ్య పరిమితం చేస్తుంది. 20,000 అంటే రెండు ఇంటరప్ట్‌ల మధ్య కనీసం 50 మైక్రోసెకండ్లు. 4000 అంటే 250. చిన్న ప్యాకెట్లు అప్పుడప్పుడు వచ్చేటప్పుడు 50తో పోతుంది. అదే కార్డు మీద పెద్ద ఫైళ్ల రద్దీ కలిస్తే 250 వైపు జారుతుంది. మన 800లో దాదాపు మూడో వంతు డ్రైవరు ‘సరిగ్గా’ పనిచేస్తుండగానే పోయింది. సర్వర్లకు ఇది మంచి అమరికే, యంత్రానికే చేటు. ఈథ్‌టూల్ అనే పరికరంతో చాలా కార్డుల్లో దీన్ని సున్నా చేయవచ్చు.

రెండోది విద్యుత్ పొదుపు. ఖాళీగా ఉన్న ఈథర్నెట్ తీగను నిద్రపుచ్చే ఈఈఈ అనే పద్ధతి 2010 నాటి 802.3ఏజెడ్ ప్రమాణంతో వచ్చింది. అది తిరిగి మేలుకోవడానికి 100 మెగాబిట్ల తీగ మీద సుమారు 30 మైక్రోసెకండ్లు, గిగాబిట్ మీద సుమారు 17 మైక్రోసెకండ్లు పడుతుంది. రెండు కొసలూ ఒప్పుకుంటేనే అది అమల్లోకి వస్తుంది. కనుక చాలా చోట్ల దీన్ని నిందించడం అనవసరం. కార్డును ప్రాసెసరుకు కలిపే పీసీఐ ఎక్స్‌ప్రెస్ లింకును నిద్రపుచ్చే ఏఎస్‌పీఎం ఇంకొకటి.

వీటన్నింటికంటే పెద్దది ప్రాసెసరు నిద్ర. పని లేని కోరు ‘సీ-స్టేట్’ అనే మెట్ల వెంట లోతుకు దిగుతుంది. ఎంత లోతుకు దిగితే పైకి రావడానికి అంత సమయం. స్కైలేక్ తరం ఇంటెల్ ప్రాసెసర్లకు లైనక్స్ ఇంటెల్-ఐడిల్ డ్రైవరులో రాసిపెట్టిన పట్టిక చూస్తే సీ1కి 2 మైక్రోసెకండ్లు, సీ6కి 85, సీ8కి 200, సీ10కి 890. ఆ చివరి సంఖ్య ఒక్కటే మన 800 గడువును మింగేస్తుంది. మిల్లీసెకండుకోసారి మేల్కొనే ప్రోగ్రాము ఉన్న కోరు అంత లోతుకు పోదు, నిజమే. కానీ నెట్‌వర్క్ ఇంటరప్ట్‌ను మనం జాగ్రత్తపడి వేరే ఖాళీ కోరుకు మళ్లించి ఉంటే, గాఢనిద్రలోకి పోయే వీలున్నది ఆ కోరే. ఒక జబ్బుకు వేసిన మందు ఇంకో జబ్బును తెచ్చిందన్నమాట.

ఇక్కడే చాలామంది పడే గుంట ఒకటి ఉంది. రియల్‌టైమ్ జాప్యాన్ని కొలిచే ప్రసిద్ధ పరికరం సైక్లిక్‌టెస్ట్. అది నడుస్తున్నంతసేపు, మనం వద్దని చెప్పకపోతే, ప్రాసెసరును లోతైన నిద్రలోకి పోవద్దని కెర్నెల్‌ను కోరుతుంది. పరీక్షలో గరిష్ఠ జాప్యం 30 మైక్రోసెకండ్లు వస్తుంది. పరీక్ష ఆపగానే నిద్ర మళ్లీ మొదలవుతుంది. యంత్రం నడిపే ప్రోగ్రాము అదే కోరికను తానూ కోరకపోతే, పరీక్ష చూపిన కంప్యూటరు వేరు, యంత్రం నడిచే కంప్యూటరు వేరు.

ఆర్8169, ఆర్8168: పాత తగవు

చవక మదర్‌బోర్డుల్లో విరివిగా కనిపించేది రియల్‌టెక్ గిగాబిట్ చిప్. దానికి లైనక్స్‌లో రెండు డ్రైవర్లున్నాయి. ఆర్8169 కెర్నెల్‌తో పాటే వస్తుంది. ఆర్8168 రియల్‌టెక్ కంపెనీ సొంతంగా విడుదల చేసేది. డెబియన్‌లో నాన్-ఫ్రీ విభాగంలో ఉంటుంది, కెర్నెల్ మారినప్పుడల్లా డీకేఎంఎస్ అనే ఏర్పాటు దాన్ని మళ్లీ కంపైల్ చేస్తుంది. లైనక్స్‌సీఎన్‌సీ వాడేవారిలో మొదటిదాన్ని తీసి రెండోది పెట్టగానే ఎర్రర్లు ఆగాయని చెప్పేవారు ఉన్నారు. ఆ అనుభవాలు అబద్ధం కావు. వాటి నుంచి తీసే తీర్మానం దగ్గరే జాగ్రత్త కావాలి.

ఆర్8168 పక్షాన చెప్పవలసింది ఉంది. చిప్‌లోని లోగుట్టు దాన్ని తయారుచేసినవాడికే బాగా తెలుసు. ఒకే పీసీఐ సంఖ్య కింద అనేక తరాల చిప్‌లు దాగి ఉంటాయి. ఏ తరమో తెలిసేది కార్డు మొదలైనప్పుడు లాగ్‌లో కనిపించే ఎక్స్‌ఐడీ అనే సంకేతం వల్లనే. 541 అని ఉంటే అది 8168హెచ్ తరం. ఒక తరంలో బాగా నడిచిన డ్రైవరు మరో తరంలో తడబడవచ్చు. అందుకే ‘నాకు పనిచేసింది’, ‘నాకు పనిచేయలేదు’ అనే ఇద్దరూ నిజమే చెబుతుంటారు. ఏఎస్‌పీఎం, ఈఈఈలను డ్రైవరు లోడ్ అయ్యేటప్పుడే మార్చుకునే ఎంపికలు కూడా అందులో ఉన్నాయి.

ఆర్8169 పక్షాన ఉన్నది ఇంకా లోతైన వాదన. అది కెర్నెల్ లోపలే ఉంది కనుక రియల్‌టైమ్ నియమాలు మారినప్పుడల్లా అదీ సరిదిద్దబడుతుంది. ఒక చిన్న సాక్ష్యం చూపిస్తాను. కొన్నేళ్ల కిందట ఈ డ్రైవరుకు ఇంటరప్ట్‌లను సాఫ్ట్‌వేర్ ద్వారా 20 మైక్రోసెకండ్లు పోగుచేసే అమరికను సహజంగానే ఉండేలా చేర్చారు. దాన్ని రాసినవారు అదే కోడులో ఒక షరతు పెట్టారు: కెర్నెల్ రియల్‌టైమ్ అయితే ఈ అమరిక వర్తించదు. బయటి డ్రైవరుకు ఇలాంటి కాపలా ఎవరూ కాయరు.

నా అభిప్రాయం ఇది: డ్రైవరు మార్చినప్పుడు మారేది డ్రైవరు ఒక్కటే కాదు. ఇంటరప్ట్ పొదుపు, ఏఎస్‌పీఎం, ఈఈఈ, ఫర్మ్‌వేర్ అన్నీ ఒకేసారి కొత్త డ్రైవరు సహజ అమరికలకు మారిపోతాయి. జబ్బు తగ్గింది వీటిలో దేనివల్లో తెలియాలంటే, పాత డ్రైవరుతోనే ఆ అమరికలను ఒక్కొక్కటిగా మార్చి చూసి ఉండాలి. అలా చూసినవారి మాటకు ఎక్కువ బరువివ్వాలి.

ఆర్8168 ఎంచుకున్నవారికి తర్వాత ఎదురయ్యే కష్టాలు మరో రకం, వాటిని జాప్యంతో కలపకూడదు. రియల్‌టైమ్ కెర్నెల్‌కు సరిపోయే హెడర్ ఫైళ్లు (డ్రైవరును కంపైల్ చేయడానికి కావలసిన కెర్నెల్ వివరాలు) లేకపోతే డీకేఎంఎస్ ఆ కెర్నెల్‌కు డ్రైవరును తయారుచేయలేదు. మామూలు కెర్నెల్ హెడర్లు ఉన్నా అవి దీనికి చెల్లవు. నమ్మకమైన సంతకం లేని కోడును అడ్డుకునే సెక్యూర్ బూట్ ఆన్‌లో ఉండి, మాడ్యూల్ మీది సంతకపు తాళంచెవిని కంప్యూటరులో నమోదు చేయకపోతే కెర్నెల్ దాన్ని లోపలికి రానివ్వదు. ఈ ప్యాకేజీ పాత ఆర్8169ను నిషేధ జాబితాలో కూడా పెడుతుంది. దాంతో కొత్తది తయారుకాక, పాతది లోడ్ కాక, కంప్యూటరుకు అసలు నెట్‌వర్కే లేకుండా పోతుంది. అప్‌డేట్ తర్వాత కార్డు మాయమైందని కంగారుపడేవారి కథ చాలాసార్లు ఇదే.

డ్రైవరే దోషి అయినప్పుడు

ఇంతవరకు డ్రైవరును వెనకేసుకొచ్చినట్టు అనిపించవచ్చు. నిజంగా డ్రైవరు కోడే తప్పైన సందర్భాలూ ఉన్నాయి, వాటికి గుర్తులు వేరుగా ఉంటాయి.

మామూలు కెర్నెల్‌ను మనసులో పెట్టుకుని రాసిన డ్రైవరు ఇంటరప్ట్‌లను ఆపేసి, ఆపై స్పిన్‌లాకు తీసుకుంటుంది. అక్కడ అది సరే. రియల్‌టైమ్ కెర్నెల్‌లో ఆ లాకు నిద్రపోగలిగేది. ఇంటరప్ట్‌లు ఆపిన చోట నిద్రపోకూడదు. అప్పుడు నిద్రపోయే ఫంక్షన్‌ను తప్పు చోట పిలిచారంటూ, స్పిన్‌లాక్-ఆర్‌టీ ఫైలు పేరుతో, కెర్నెల్ లాగ్‌లో ఒక బగ్ సందేశం పడుతుంది. దాని కింద ఏ ఫంక్షన్ నుంచి ఏది పిలిచిందో జాబితా ఉంటుంది. అందులో నెట్‌వర్క్ డ్రైవరు పేరు ఉంటే సందేహం తీరినట్టే. కెర్నెల్ బయటి డ్రైవర్లలో ఈ రకం తప్పుకు అవకాశం ఎక్కువ, ఎందుకంటే రియల్‌టైమ్ ఎంపికతో వాటిని పరీక్షించేవారు తక్కువ.

ఇంతకంటే మాయదారి తప్పు, ప్రాసెసరును పరికరాలకు కలిపే ‘బస్’ అనే దారి దగ్గర ఉంటుంది. ప్రాసెసరు హార్డ్‌వేర్‌కు వరసగా రాసేవి దారిలో బఫర్లలో పోగుపడతాయి. ఆ వెంటనే అదే పరికరం నుంచి ఏదైనా చదవబోతే, పోగుపడ్డవన్నీ ఖాళీ అయ్యేదాకా కోరు కదలకుండా నిలబడిపోతుంది. ఆ క్షణంలో ఏ ప్రాధాన్యమూ పనిచేయదు. దీనికి బాగా నమోదైన ఉదాహరణ నెట్‌వర్క్ కార్డుది కాదు, టీపీఎం అనే భద్రతా చిప్‌ది. ఇంటెల్ ఆటమ్ ఈ3940 కంప్యూటరులో ఒక మామూలు ప్రోగ్రాము ఆ చిప్‌తో మాట్లాడినప్పుడల్లా సైక్లిక్‌టెస్ట్‌లో సుమారు 400 మైక్రోసెకండ్ల జాప్యం కనిపించింది. ప్రతి రాత తర్వాత ఒకసారి చదివి బఫరును ఖాళీ చేయించడం ద్వారా డ్రైవరును సరిచేశారు. యంత్రం ఆగిందంటే నెట్‌వర్క్ కార్డునే అనుమానించనక్కర్లేదని కూడా ఇది చెబుతోంది.

కెర్నెల్‌కు అసలు కనిపించని దొంగ మరొకడున్నాడు: ఎస్‌ఎంఐ. మదర్‌బోర్డు బయోస్ తన సొంత పనులకోసం ప్రాసెసరును కాసేపు లాక్కునే ఇంటరప్ట్ అది. ఆ సమయం లైనక్స్ గడియారంలో రంధ్రంలా మాత్రమే కనిపిస్తుంది. ఏ డ్రైవరు మార్చినా అది పోదు.

ఆలస్యం ఏ మజిలీలో జరిగింది

అందుకే డ్రైవరు మీద తీర్పు చెప్పే ముందు ప్యాకెట్ ప్రయాణాన్ని మజిలీలుగా విడగొట్టాలి. ప్రశ్న పంపినప్పటి నుంచి ఇంటరప్ట్ వచ్చేదాకా ఒకటి. ఇంటరప్ట్ నుంచి డ్రైవరు థ్రెడ్ నడవడం మొదలయ్యేదాకా రెండు. డ్రైవరు లోపల గడిచినది మూడు. అక్కడి నుంచి ప్రోగ్రాము మేల్కొనేదాకా నాలుగు. కెర్నెల్‌లోనే ఉన్న ఎఫ్‌ట్రేస్ ఈ నాలుగు ఘటనలకూ సమయం వేసి రాస్తుంది.

లెక్క కోసం ఊహించిన అంకెలతో చూద్దాం. సైక్లిక్‌టెస్ట్ గరిష్ఠం 38 మైక్రోసెకండ్లు. ఎస్‌ఎంఐలను వెతికే హెచ్‌డబ్ల్యూల్యాట్ గరిష్ఠం 6. బోర్డుకు పింగ్ సగటు 180, గరిష్ఠం 1900. మొదటి రెండు అంకెల వల్ల ప్రాసెసరు, బయోస్ మీద అనుమానం తగ్గింది, నిద్ర సంగతి తప్ప. పింగ్ 1900ను మాత్రం ఉన్నదున్నట్టు నమ్మకూడదు. పింగ్ ప్రోగ్రాము మామూలు తరగతిలో నడుస్తుంది కనుక దాని సొంత ఆలస్యం కూడా అందులో కలిసి ఉంటుంది. దాన్ని ఫిఫో తరగతిలో నడిపితే గరిష్ఠం 1500కు తగ్గిందనుకుందాం. ఇప్పుడు మిగిలింది నిజమైన ఆలస్యం.

ఎఫ్‌ట్రేస్‌లో ఆ 1500 ప్యాకెట్‌ను పట్టుకుంటే మూడు రకాల చిత్రాలు కనిపించవచ్చు. ఇంటరప్ట్ 100 దగ్గరే వచ్చి, థ్రెడ్ 1400 దగ్గర మొదలైతే, మధ్యలో ఆ కోరు మీద నడిచిన థ్రెడ్ ఎవరిదో వాడే దోషి, డ్రైవరు నిర్దోషి. ఇంటరప్టే 1350 దగ్గర వస్తే కార్డు పొదుపు అమరికల్నో, ఏఎస్‌పీఎంనో, ప్రాసెసరు నిద్రనో చూడాలి. ఇంటరప్ట్, థ్రెడ్ రెండూ 150 లోపే మొదలై, డ్రైవరు ఫంక్షన్ లోపలే 1200 గడిస్తే, అప్పుడు, ఆ ఒక్క సందర్భంలోనే, ‘డ్రైవరు మార్చండి’ అన్న సలహాకు గట్టి ఆధారం దొరికినట్టు.

ఈ కొలతలు ఇప్పుడు సులువయ్యాయంటే అందులో పెద్ద వాటా డానియెల్ బ్రిస్టాట్ డి ఒలివెయిరాది. 5.14 కెర్నెల్‌లో చేరిన ఓఎస్‌నాయిస్, టైమర్‌ల్యాట్ ట్రేసర్లు, వాటిని తేలిగ్గా వాడుకునే ఆర్‌టీఎల్ఏ పరికరం ఆయన రాసినవే. గరిష్ఠ జాప్యం ఎంతో చెప్పి ఊరుకోకుండా, అందులో ఎంత ఇంటరప్ట్‌ది, ఎంత థ్రెడ్‌ది అని టైమర్‌ల్యాట్ విడదీసి చూపిస్తుంది. రియల్‌టైమ్ అసలు కెర్నెల్‌లో కలవడానికి కొన్ని నెలల ముందు, 2024 జూన్‌లో ఆయన కన్నుమూశారు.

డ్రైవరును పక్కన పెట్టే దారులు

ఈ మజిలీలన్నీ ఎందుకు, ఇంటరప్టే లేకుండా చేద్దామనే ఆలోచన కూడా ఉంది. ఈథర్‌క్యాట్ (ఈథర్నెట్ మీద నడిచే ఒక యంత్ర నియంత్రణ పద్ధతి) యంత్రాలు నడిపే ఐజీహెచ్ మాస్టర్ అనే ప్రోగ్రాము ఈ1000ఈ, ఐజీబీ, ఆర్8169 వంటి డ్రైవర్లకు తన సొంత రూపాలు ఇస్తుంది. వాటిలో ఇంటరప్ట్ ఉండదు, గడియారం ప్రకారం ప్రోగ్రామే వెళ్లి కార్డును తడిమి చూస్తుంది. థ్రెడ్‌ను మేల్కొలిపే మజిలీ అలా ఎగిరిపోతుంది. బదులుగా ఆ కార్డు మామూలు నెట్‌వర్క్‌కు పనికిరాదు, ప్రతి కెర్నెల్‌కూ ఆ డ్రైవరు రూపాన్ని ఎవరో ఒకరు సరిచేస్తూ ఉండాలి. లైనక్స్ పక్కనే ఇంకో చిన్న కెర్నెల్‌ను నడిపే జెనోమాయ్ కోసం తయారైన ఆర్‌టీనెట్‌దీ ఇదే పరిస్థితి: హామీ గట్టిది, మద్దతున్న కార్డుల జాబితా పొట్టిది.

ఇంటెల్ ఐ210 వంటి కార్డు కొనిపెట్టుకోవడం మరో దారి. ప్యాకెట్‌కు హార్డ్‌వేర్‌లోనే సమయం వేయగలదు కనుక మొదటి మజిలీని కూడా కచ్చితంగా కొలవవచ్చు. కానీ ఆ కార్డు థ్రెడ్ కూడా ప్రాధాన్యం 50 దగ్గరే పుడుతుంది, దానికీ ఇంటరప్ట్ పొదుపు ఉంటుంది, దాన్ని పెట్టిన కంప్యూటరు ప్రాసెసరు కూడా ఖాళీ దొరికితే నిద్రపోతుంది. యూఎస్‌బీ ఈథర్నెట్ అడాప్టరు మాత్రం ఈ పనికి సరిపడదు. హైస్పీడ్ యూఎస్‌బీ 125 మైక్రోసెకండ్ల విడతల్లో నడుస్తుంది, పైగా ఒక్క ప్యాకెట్ కోసం రెండు డ్రైవర్లను దాటాలి.